నాది తప్ప

శనివారం రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక నేను ఫ్యాక్టరీకి వెళ్తాను. జీతం రాదు, కరెంటు బిల్లు మనదే. ఫ్యాక్టోరియో అని ప్రాగ్‌లోని వూబే సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఆట. ఎక్కడో గ్రహం మీద కూలిపడ్డవాడు ఇనుము తవ్వి, కరిగించి, బెల్టుల మీద పరిగెత్తించి, చివరికి రాకెట్ ఎగరేయాలి. 1.0 వచ్చింది 2020 ఆగస్టులో. ఆడేవాళ్ళే దీన్ని క్రాక్టోరియో అంటారు. మత్తుమందు పేరు ఊరికే కలపలేదు.

ఉన్నదున్నట్టు ఆడితే నాకు నామోషీ. అందుకని ఆటను మార్చే మోడ్‌లు, మొత్తం 48. అవి చాలక నలభై తొమ్మిదోది నేనే రాశాను. రాశానంటే ఒక్క లైను. బొగ్గు తిని పనిచేసే బర్నర్ ఇన్‌సర్టర్ అని ఓ ముసలి చెయ్యి ఉంటుంది. ఆట మొదట్లో తప్ప దాని మొహం చూడను. ఎవరు వాడుతున్నారు లెమ్మని దాన్ని తయారుచేసే రెసిపీనే పీకేశాను.

మొన్న ఖాళీగా ఉండి మోడ్‌లన్నిటినీ ఒకేసారి అప్‌డేట్ చేశాను. ఆట లేవలేదు. ఫలానా మోడ్, ఫలానా లైను, అక్కడ ఉండాల్సింది ‘నిల్’ అని తెర మీద ఎర్రర్. ఈ మోడ్‌లు పెళ్ళి బంతిలా మూడు విడతలుగా వడ్డిస్తాయి. మొదటి విడతలో అందరూ తమ సరుకు పెడతారు, రెండోదాంట్లో పక్కవాడి సరుకు సర్దుతారు, మూడోదానికి ‘ఫైనల్ ఫిక్సెస్’ అని పేరు. మూడో విడతలో ఎవరి చెయ్యి ఖాళీగా దొరికితే వాడు అరుస్తాడు. అరిచినవాడి పేరే తెర మీద పడుతుంది. నేను అరిచినవాణ్ణే దొంగ అనుకున్నాను.

అయినా ఉరికి ముందు విచారణ జరగాలి కదా. సగం ఆపు, ఆట తెరువు. ఇరవైనాలుగు, పన్నెండు, ఆరు, మూడు. ప్రతిసారీ ఆట మొత్తం మళ్ళీ లోడవ్వాలి. మధ్యలో ఒకదాన్ని ఆపితే దాని మీద ఆధారపడ్డ ఇంకో నాలుగు అలిగి కూర్చుంటాయి, వాటిని బతిమాలాలి. ఒంటిగంటన్నరకి ఒక్కటే మిగిలింది. అరిచినదే! దాన్ని రాసినవాడికి నాలుగు ముక్కలు పెడదామని ఘాటైన ఉత్తరం మొదలుపెట్టాను.

మంచినీళ్ళకి లేచిన మా ఆవిడ వెనక నిలబడింది.

“ఆఫీసు పనా?”

“ఊఁ.”

తెర మీద ఆఫీసు పోలికలేవీ లేవు. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. “ఏమైందిట?” అంది. నేరం, విచారణ, తీర్పు అన్నీ చెప్పాను.

“అదొక్కటే ఉన్నా ఆగిపోతోందా?”

“అదొక్కటే. నాది తప్ప అన్నీ ఆపేశా.”

“మీది ఎందుకు ఆపలేదు?”

జవాబు లేదు. వీధిలో గొడవ జరిగితే మనవాణ్ణి ముందే ఇంట్లోకి లాక్కుని తక్కినవాళ్ళని వరస నిలబెట్టే తండ్రిని నేను. ఆపాను. ఆట లేచింది. పాపం ఆ మోడ్ కొత్త వెర్షన్‌లో బర్నర్ ఇన్‌సర్టర్ రెసిపీ కోసం చెయ్యి చాపుతోంది. నేను దాన్ని ఎప్పుడో పారేశాను.

“ఇంతకీ మీది ఏం చేస్తుంది?” అంది. చెప్పాను. ‘ఎవరు వాడుతున్నారు లెమ్మని’ అన్న దగ్గర ఆమె చేతిలో గ్లాసు ఆగింది.

“దసరాకి వంటిల్లు సర్దుతూ నా సత్తు పళ్ళెం పారేసినప్పుడూ ఇదే మాటన్నారు.”

చొట్టలు పడ్డ పళ్ళెం అది. పాలగిన్నెకి సరిగ్గా పట్టే మూత లోకంలో అదొక్కటేనని నాకేం తెలుసు? పిల్లి వచ్చిన రోజు నేను పిల్లిని తిట్టాను.

ఈ మోడ్‌లు రాసే లూవా భాషలో లైను ముందు రెండు అడ్డగీతలు పెడితే ఆ లైను లేనట్టే. నా మోడ్ మూడు సెకన్లలో బాగుపడింది. పళ్ళేనికి ఆ సౌకర్యం లేదు. ఆదివారం పొద్దున్న పాలగిన్నె చంకలో పెట్టుకుని స్టీలు సామాన్ల కొట్లో పదకొండో మూత పెట్టి చూస్తున్నాను. కొద్దిగా వదులు.