ఫ్రిజ్జు తలుపు మీది చీటీ (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ఈ వ్యాఖ్యాతకు అంత స్తోమత లేదు. మూలం అరపేజీ, పత్రికవారు అడిగింది నాలుగు పేజీలు. మల్లినాథుడు మేఘసందేశం మీద రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. దీని పేరు తిరగమోత. సంజీవని ప్రాణం లేనివారిని లేపుతుందంటారు. తిరగమోత నిన్నటి పప్పును ఇవాళ్టి పప్పు చేస్తుంది. ఎవరి శక్తి వారిది.

గ్రంథకర్త్రి కాకినాడ వాస్తవ్యురాలు, గృహిణి, అరవై దాటిన మనిషి. గ్రంథరచనా కాలం ఆషాఢ మాసం, తొలి ఏకాదశికి కొంచెం ముందు. గ్రంథానికి కారణం డాలస్‌లో కూతురి పురుడు. లభించిన చోటు ఫ్రిజ్జు తలుపు, నిమ్మచెక్క ఆకారపు అయస్కాంతం కింద. లేఖన సామగ్రి చింపిన క్యాలెండరు జూన్ కాగితం వెనకవైపు, నల్ల సిరా. ఈ గ్రంథం చదవడానికి అధికారి ఆమె భర్త ఒక్కడే. తక్కినవారు కాఫీకి వచ్చి నిలబడి చదివినవారు. వ్యాఖ్యాత ఆ రెండో తెగకు చెందినవాడు.

వస్తువు ప్రవాసం. మేఘసందేశంలో యక్షుడికి కుబేరుడు వేసిన శిక్ష ఏడాది. ఈమెకు విమానాశ్రయంలో అమెరికా అధికారి మామూలుగా వేసే గడువు 6 నెలలు. యక్షుడి కథ మనకు ఆషాఢంలోనే మొదలవుతుంది. అది ఆషాఢం మొదటిరోజా, చివరిరోజా అని వ్యాఖ్యాతలు తగువులాడారు. మన గ్రంథకర్త్రి విషయంలో ఆ తగువుకు తావు లేదు, టికెట్టు మీద తేదీ ఉంది. అయితే తొలి ఏకాదశికి పడుకున్న విష్ణువు కార్తీక శుద్ధ ఏకాదశికి లేస్తాడు, యక్షుడి శాపమూ ఆనాటితో తీరుతుంది. ఈమె వచ్చేది ఆ తరవాత ఎప్పటికో. కనుక దేవుడు లేచి చూసేసరికి కూడా ఇంట్లో ఈయన ఒక్కడే ఉంటాడు.

నాయకుడి లక్షణం చెప్పాలంటే చిక్కు వచ్చింది. అలంకార శాస్త్రం చెప్పిన ఎనిమిది మంది నాయికల్లో భర్త దేశాంతరం వెళ్ళిన ప్రోషితభర్తృక ఉంది. భార్య దేశాంతరం వెళ్ళిన మగవాడికి ఆ జాబితాలో చోటు లేదు. ఆ రోజుల్లో కూతుళ్ళు డాలస్‌లో పురుళ్ళు పోసుకోలేదు కాబట్టి లాక్షణికులను తప్పుపట్టలేం. ఈయనను ప్రోషితభార్యుడు అందాం.

మూలం 1

ఏమండీ, పాలు పొంగకుండా చూసుకోండి.

టీక: ఏమండీ = ఓ భర్తా; పాలు = పొద్దున్నే ప్యాకెట్టులో వచ్చి గిన్నెలో పడినవి; పొంగకుండా = పొయ్యి మీదా, గట్టు మీదా, ఆపైన నేల మీదా ప్రవహించకుండా; చూసుకోండి = పేపరును కాక పాలను చూడండి.

తాత్పర్యం: పాలు పొయ్యి మీద పెట్టి వీధి గుమ్మంలోకి వెళ్ళకు.

పూర్వపక్షం: గృహప్రవేశంలో పాలు పొంగితే శుభం అంటారు. రథసప్తమికి పిడకల మీద పెట్టి మరీ పొంగిస్తారు. ఇక్కడ నిషేధం ఏమిటి?

సమాధానం: గృహప్రవేశంలో పొంగించేది ఆడపడుచు, తుడిచేది ఇంటి కోడలు. ఇక్కడ పొంగించేవాడూ తుడవాల్సినవాడూ ఒక్కడే. పైగా తుడిచే గుడ్డ ఏదో, వేడిగిన్నె పట్టుకునే గుడ్డ ఏదో ఆయనకు తెలియదు. కనుక నిషేధం చెల్లుతుంది.

మూలం 2

ఆవకాయ చిన్న జాడీలోది వేసుకోండి. తడి గరిటె పెట్టకండి.

టీక: చిన్న జాడీ = పాడైనా ప్రాణం పోనంత పరిమాణం గలది; వేసుకోండి = గరిటెతో, చేత్తో కాదు; తడి గరిటె = ఇప్పుడే కడిగి, తుడిచాననుకున్నది.

విశేషం: మీమాంసకులు విధులను మూడు రకాలు చేశారు. మరోలా తెలియని దాన్ని చెప్పేది అపూర్వవిధి. తెలిసిన దారుల్లో ఒకదానికి కట్టేసేది నియమవిధి. ఒకటి చెయ్యమన్నట్టు కనబడుతూ రెండోది వద్దనేది పరిసంఖ్య. ఇది పరిసంఖ్యకు చక్కని ఉదాహరణ. ఆకలేసిన మనిషిని ఆవకాయ వేసుకోమని శాస్త్రం చెప్పనక్కరలేదు. ఈ వాక్యం చిన్న జాడీని తినమనడం లేదు. పెద్ద జాడీని ముట్టుకోవద్దంటోంది. పెద్ద జాడీ పేరు ఎత్తకుండానే దానికి కాపలా పెట్టడంలో గ్రంథకర్త్రి ప్రౌఢి కనబడుతుంది.

ఆ జాడీ వెనక మే నెల మొత్తం ఉంది. పుల్లటి గట్టి కాయ ఏరి, కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్క కొట్టించి, ఆవపిండీ కారమూ ఉప్పూ పట్టించి, మూడోరోజు తిరగకలిపి, ముక్క మునిగేదాకా పప్పునూనె పోసి వాసెన కట్టిన జాడీ అది. పైన తేలే నూనె గాలిని ఆపుతుంది, ఉప్పు తక్కినది చూసుకుంటుంది. ఆ రెండింటి శ్రమనూ ఒక్క నీటిబొట్టు బూజు చేస్తుంది. వెళ్ళేముందు ఆమె జాడీని రెండు చేసింది. ఏదైనా జరిగితే చిన్నదానికే జరగాలని. ఇంట్లో ఎవరు ఉండబోతున్నారో తెలిసిన మనిషి చేసే పని ఇది.

మూలం 3

శ్రావణంలో పౌర్ణమి ముందు శుక్రవారం దీపం పెట్టి, బెల్లంముక్క నైవేద్యం పెట్టండి. చాలు. వ్రతం అక్కడ నేను చేసుకుంటాను.

తాత్పర్యం: వరలక్ష్మీ వ్రతం ఇంటిది కాదు, ఇల్లాలిది. ఆమె ఎక్కడుంటే అక్కడికి వెళుతుంది.

విశేషం: వ్రతం వెళ్ళిన విధం చెప్పాలి. అమెరికా వెళ్ళేవారికి చాలా విమానాలు 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు ఒప్పుకుంటాయి. మొదటి పెట్టెలో అమ్మవారి వెండి ముఖం, తొమ్మిది ముళ్ళ తోరాలకు నూలుబంతి, పసుపు, కుంకుమ, ఎండుకొబ్బరి. రెండో పెట్టెలో పురుడు: కాయం, శొంఠి, వాము, వెల్లుల్లి కారం, సాంబ్రాణి, పసిగుడ్డును చుట్టడానికి ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరలు. పదకొండో రోజు పురిటిస్నానానికీ, ఇరవయ్యొకటో రోజు బారసాలకూ కావలసినవి ఖాళీల్లో దూర్చినవి. తన బట్టలకు చోటు ఎక్కడ మిగిలిందో ఏ వ్యాఖ్యాతకూ అంతుబట్టలేదు.

మూలం 4

చవితికి పత్రి ముందురోజే తెచ్చుకోండి. ఉండ్రాళ్ళు రాకపోతే అటుకులూ బెల్లం. కథ చదువుకుని అక్షింతలు వేసుకోండి. చందమామను చూడకండి.

టీక: పత్రి = ఇరవయ్యొక్క రకాలని పుస్తకం అనేది, ఎనిమిది రకాలని బజారు అనేది; రాకపోతే = రావు గనక; కథ = శమంతకోపాఖ్యానం; చందమామను చూడకండి = మేడమీద ఆరేసిన లుంగీ మర్నాడు తెచ్చుకోండి.

పూర్వపక్షం: కథ విని అక్షింతలు వేసుకున్నవాడికి చంద్రుణ్ణి చూసినా నీలాపనింద రాదు కదా. మళ్ళీ చూడొద్దనడం పునరుక్తి దోషం.

సమాధానం: దోషం కాదు. కథ చదువుతూ మధ్యలో ఫోను వస్తే ఈయన లేస్తాడు. అందుకే రెండు తాళాలు వేసింది.

ఇంకో విచారం. తల్లీ కూతుళ్ళకు చవితి ఏ రోజు, ఈయనకు ఏ రోజు? తిథి అంటే చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగే కాలం. అది లోకమంతటా ఒకే క్షణాన ముగుస్తుంది. గడియారాలే వేరు. వేసవి వేళల్లో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. ఇక్కడ పొద్దున్న వెళ్ళిపోయే తిథి అక్కడ ముందురోజు రాత్రే వెళ్ళిపోతుంది. చవితి మధ్యాహ్నానికి ఉండాలి కాబట్టి, ఒక్కో ఏడు అక్కడివారి పండగ తారీకు మనకన్నా ఒకరోజు ముందు పడుతుంది. ఇక్కడి క్యాలెండరును సూట్‌కేసులో పెట్టుకుని పోతే అక్కడ పనికిరాదు. గ్రంథకర్త్రి ఆ సంగతి ఎరిగే దాన్ని గోడకు వదిలేసి, జూన్ కాగితం మాత్రం వాడుకుంది.

మూలం 5

కార్తీకంలో తెల్లారగట్ల చన్నీళ్ళు పోసుకోకండి. తులసికోట దగ్గర ఒక్క దీపం చాలు. బి.పి. మాత్ర మానకండి.

తాత్పర్యం: స్పష్టం.

విశేషం: కార్తీకస్నానానికి మడమ తిప్పని ఇల్లాలు భర్తకు దాన్ని మాన్పించింది. పుణ్యం తగ్గినా ఫరవాలేదు, దగ్గు రాకూడదు. నెల పొడుగునా దీపాలనూ, క్షీరాబ్ది ద్వాదశి నాటి ఉసిరికొమ్మనూ ఒక్క ప్రమిదకు కుదించింది. మాత్ర దగ్గర మాత్రం కుదింపు లేదు.

మూలం 6

వారానికి రెండుసార్లు హోటల్లో తినవచ్చు.

టీక: ఇది ప్రక్షిప్తం. కారణాలు మూడు. ఒకటి, గ్రంథమంతా నల్లసిరా, ఈ వాక్యం నీలిసిరా. రెండు, అనుమతి ఇచ్చే క్రియ ఈ కవయిత్రి శైలిలో ఇంకెక్కడా లేదు. మూడు, పక్కింటి పిన్నిగారి నోట నిలిచిన సంప్రదాయంలో ఈ పాఠం లేదు. గ్రంథకర్త్రి బయలుదేరేముందు ఈ చీటీని ఆమెకు ఒకసారి చదివి వినిపించి వెళ్ళిందని వినికిడి. ప్రక్షేపకుడు ఎవరన్నది పండితులు చర్చించుకోవచ్చు. ఇంట్లో నీలిసిరా పెన్ను ఒకరి జేబులోనే ఉంటుంది.

మూలం 7

మీరు ఫోన్ చెయ్యకండి. నేనే చేస్తాను.

టీక: మీరు ఫోన్ చెయ్యకండి = అక్కడ అర్ధరాత్రి, పసివాడు ఇప్పుడే నిద్రపోయాడు; నేనే చేస్తాను = వాట్సాప్‌లో, ఉదయం ఎనిమిదికి, అంటే మీ సాయంత్రం ఆరున్నరకి.

విశేషం: నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆనాటి నుంచి ఆరున్నర ఫోను ఏడున్నరకి వస్తుంది. ఈ సంగతి చీటీలో లేదు. ఆ ఆదివారం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా నాయకుడు పడ్డ అవస్థను ఆలంకారికులు విరహోత్కంఠ అంటారు. ఆయన దాన్ని ‘సిగ్నల్ చూస్తున్నా’ అన్నాడు. నిషేధం ఉంది కనుక తాను చెయ్యలేదు. చేసి ఉంటే పసివాడు లేచేవాడు కాదు, అక్కడ అప్పుడు పొద్దున్న ఏడు.

మూలం 8

పండక్కి వచ్చేస్తాను.

టీక: పండక్కి = సంక్రాంతికి; గోదావరి జిల్లాల్లో ఆ మాటకు వేరే విశేషణం అక్కరలేదు; వచ్చేస్తాను = గడువు తీరకముందే, భోగిమంటకు తాటాకులు పోగుచేసే వేళకి.

తాత్పర్యం: ముగ్గు వేసేవాళ్ళు లేరని నువ్వు దిగులుపడకు. ధనుర్మాసంలో సగం రోజులు వాకిలి బోసిగా ఉన్నా, తక్కిన సగానికి నేను ఉంటాను.

సిద్ధాంతం

గ్రంథమంతా చూశాక ఒక లెక్క తేలుతుంది. పూజగది దగ్గర రాయితీలు, వంటింటి దగ్గర ఆంక్షలు. వ్రతం ఒక దీపానికి దిగింది, ఇరవయ్యొక్క పత్రి బజారులో దొరికినంతకు దిగింది, కార్తీకం ఒక ప్రమిదకు దిగింది. ఆవకాయా పాలూ మాత్రా మాత్రం ఏ సడలింపూ లేకుండా నిలిచాయి. ఏళ్ళ తరబడి ఒక్క ఆకు తక్కువైనా ఒప్పుకోని మనిషి ఇలా ఎందుకు చేసిందంటే, దేవుడు ఏం పెట్టినా పాడవడు. ఆవకాయ పాడవుతుంది, భర్త ఆరోగ్యమూ పాడవుతుంది. ఇన్నేళ్ళూ ఆ ఆర్భాటం దేవుడి కోసం అని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. అది ఇంట్లోవాళ్ళు వేళకు లేచి, ఒళ్ళు శుభ్రం చేసుకుని, నాలుగు రకాలు తిని, ఒకచోట కూర్చోవడానికి ఆమె పన్నిన పన్నాగం. కూర్చునేవాడు ఒక్కడే మిగిలినప్పుడు పన్నాగంలో దీపం ఒక్కటే చాలింది.

ఇందులో రసం ఏమిటని అడిగితే విప్రలంభం అని చెప్పడానికి వ్యాఖ్యాత సిద్ధమే. కానీ ‘మీరు గుర్తొస్తారు’ అన్న మాట మూలంలో ఎక్కడా లేదు, మల్లినాథుడు ఊరుకోడు.

ఫలశ్రుతి

ఈ చీటీని రోజూ కాఫీకి ముందు పఠించేవాడి పాలు పొంగవు. సాయంత్రం పఠించేవాడి ఆవకాయకు బూజు పట్టదు. కార్తీకంలో పఠించేవాడికి జలుబు చెయ్యదు. అయస్కాంతం తీసి, వెనకవైపు జూన్ నెల తిథులు చూసుకునేవాడికి ఏ ఫలమూ లేదు, ఆ నెల అయిపోయింది. నీలిసిరాతో ఏమైనా చేర్చేవాడు సంక్రాంతికి సమాధానం చెప్పుకోవాలి.

ఇది కాకినాడ గృహిణీ విరచితమైన ఫ్రిజ్జు చీటీకి, కాఫీకి వచ్చి రెండో గ్లాసు కోసం కూర్చున్న వ్యాఖ్యాత రచించిన తిరగమోత అనే వ్యాఖ్య. ఒకే ఆశ్వాసం. సమాప్తం. పాలు పొంగుతున్నాయి, ఎవరైనా చూడండి.