ఫుట్‌బాల్‌ను కూడా ఒక ఫంక్షన్‌గా రాసుకోమని మనవి

మైదానం బుకింగులు చూసే అధికారి గారికి, జంషెడ్‌పూర్ సిద్ధగోరా నుంచి ఒక పాత లెఫ్ట్ బ్యాక్ రాసుకుంటున్న బహిరంగ లేఖ.

విషయం: సాయంత్రాలు ఆడుకునే ఫుట్‌బాల్‌ను ఒక కార్యక్రమంగా నమోదు చేసి, మా మైదానాన్ని మాకే కేటాయించడం గురించి.

సూచిక: జంషెట్‌జీ టాటా గారు తన కుమారుడు దొరాబ్‌జీకి 1902లో రాసిన ఉత్తరం.

అయ్యా,

ముందుగా తమరికి దండాలు, ఆ పైన కృతజ్ఞతలు. మా మైదానంలో జరిగే పెళ్లి రిసెప్షన్లు, పూజా పందిళ్లు, చీరల సేల్, ఎన్నికల సభ, ఒక బాబా గారి ప్రవచనాలు, అన్నీ తమ సంతకంతోనే జరుగుతాయని విన్నాం. దరఖాస్తు పట్టుకుని వచ్చినవాణ్ణి తమరు ఉత్త చేతులతో పంపిన దాఖలా లేదు. మమ్మల్ని కూడా తమరు ఏనాడూ కాదనలేదు. మేం అడిగితే కదా! బంతి చంకన పెట్టుకుని వెళ్లి ఆడుకోవడానికి ఒకరి అనుమతి కావాలని మా తాతకు తెలీదు, మా నాన్నకు తెలీదు. నాకు రిటైరయ్యాక తెలిసింది. అందుకని పద్ధతి ప్రకారం అడుగుతున్నాను.

సూచికలోని ఉత్తరం తమరు చదివే ఉంటారు. ఈ ఊళ్లో దాన్ని ఫ్రేము కట్టి పెట్టని ఆఫీసు అరుదు. మార్చి 3న, ఆయన పుట్టినరోజున, దాని గురించి ఉపన్యాసం వినకుండా ఎవరూ ఇంటికి పోలేరు. వీధులు వెడల్పుగా వేయమన్నారు, తొందరగా ఎదిగే నీడ చెట్లు నాటమన్నారు, పచ్చికకు, తోటలకు చోటు వదలమన్నారు. ఆ తర్వాత ఫుట్‌బాల్‌కు, హాకీకి, పార్కులకు పెద్ద పెద్ద స్థలాలు కేటాయించమన్నారు. గుడులకు, మసీదులకు, చర్చిలకు చోటు గుర్తించమన్నది దాని తర్వాత. ఈ వరుసను తమరు గమనించాలని ప్రార్థన. ఫుట్‌బాల్ ముందు, గుడి తర్వాత. నేను నాస్తికుణ్ణి కాను, శనివారం తప్పకుండా ఉపవాసం ఉంటాను. కానీ ఫైలులో ఏది ముందు రాసి ఉందో అదే ముందు కదా, తమరికి చెప్పేదేముంది.

ఇంకో ముచ్చట. ఆ ఉత్తరం రాసేనాటికి ఊరు లేదు, కార్ఖానా లేదు. గొరుమహిసాని కొండల్లో ఇనుము ఉందని భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ కబురు పెట్టింది 1904 ఫిబ్రవరిలో. అదే ఏడాది మే నెలలో పెద్దాయన జర్మనీలో కన్నుమూశారు. సువర్ణరేఖ, ఖర్కాయి కలిసే చోట ఈ ఊరికి మూలమైన సాక్చీ అనే పల్లెను, కార్ఖానాకు జాగా వెతుకుతున్న సి.ఎం. వెల్డ్, శ్రీనివాసరావు వెళ్లి చూసింది 1907లో. (ఆ శ్రీనివాసరావు పేరు వినగానే, ఇక్కడికి వలస వచ్చిన మా తెలుగు పెద్దలు ఆయన్ని శ్రీకాకుళం ఖాతాలో వేసేశారు. నేను అడ్డుపడలేదు.) అంటే ఖనిజం దొరక్కముందే, జాగా చూడకముందే, ఆయన లెక్కలో ఫుట్‌బాల్ గ్రౌండు ఉంది. ఉక్కు తయారైతే ఊరొస్తుందని, ఊరొస్తే సాయంత్రం అవుతుందని, సాయంత్రమైతే మనిషి ఏదో ఒకటి చేస్తాడని ఆలోచించిన పెట్టుబడిదారుడు ఆయన. మనకు దొరికినవాళ్లలో అలాంటివాళ్లు తక్కువ.

ఆటకు నేల ఒక్కటే చాలదు, పొద్దు కూడా కావాలి. 1912 ఫిబ్రవరిలో టాటా కార్ఖానాలో తొలి ఉక్కు కడ్డీ వచ్చింది. అదే ఏడాది కంపెనీ ఎనిమిది గంటల పనిదినం పెట్టింది. వారానికి 48 గంటలన్న హద్దు దేశం మొత్తానికి చట్టమై రావడానికి ఇంకో మూడు దశాబ్దాల పైన పట్టింది. ఉదయం ఆరుకు లోపలికి పోయిన ‘ఎ’ షిఫ్టువాడు రెండింటికి బయటపడితే, భోంచేసి ఒక కునుకు తీసి లేచినా ఇంకా ఎండ ఉండేది. మా క్లబ్బు పుట్టింది ఆ ఎండలో. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపుల నుంచి రైలెక్కి వచ్చిన మనవాళ్లు, బెంగాలీలు, ఒడియావాళ్లు, సంతాలీలు, ఛప్రా, ఆరా వైపు బిహారీలు, అందరూ క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో ఉత్త కాళ్లతో ఆడినవాళ్లే. ఏ భాషవాడికైనా పాస్ ఇమ్మని చేత్తో చూపిస్తే చాలు. మావాళ్లు మాత్రం ఎత్తుగడలన్నీ తెలుగులో అరిచేవారట, అవతలివాళ్లకు అర్థం కాకూడదని. అవతలి జట్టుకు కూడా ఒక పాలకొండ మనిషి దొరికేదాకా ఆ కిటుకు బాగానే నడిచింది.

క్లబ్బు చరిత్ర రాయమంటే నా దగ్గర కాగితాలు లేవు. రిజిస్ట్రేషన్ లేదు, రబ్బరు స్టాంపు లేదు. గోల్‌పోస్టుల చరిత్ర అయితే చెప్పగలను. మొదట రెండు ఇటుకల కుప్పలు. తర్వాత రెండు సైకిళ్లు. బంతి తగిలి ఒకరి డైనమో లైటు పగిలాక వెదురు గడలు. నేను ఆడిన రోజులకు ఇనుప పైపులు వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయని ఉక్కు ఊళ్లో అడగకూడదు. పైన అడ్డకర్ర మాత్రం చాలాకాలం లేదు. ఎత్తుగా పోయిన ప్రతి బంతికీ ఒక పంచాయతీ జరిగేది. గోలీ చెయ్యెత్తితే అందేదే గోల్ అని తీర్మానం. అందుకని ఎదుటి జట్లు పొట్టి గోలీని పెట్టుకొచ్చేవి. జట్టు ఎంపిక మా చేతిలో ఉండేది కాదు, కంపెనీ డ్యూటీ చార్టు చేతిలో ఉండేది. సెంటర్ హాఫ్ బి షిఫ్టులో పడ్డ వారం మేం ఓడిపోయే వారం. సి షిఫ్టు చేసి వచ్చినవాడు హాఫ్‌టైంలో టచ్‌లైను పక్కన గుర్రుపెడితే రెండో సగం పదిమందితో ఆడేవాళ్లం.

ఇక ఖస్సీ సంగతి. తమరు పై ప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చి ఉంటే తెలియకపోవచ్చు. ఈ ఝార్ఖండ్ పల్లెల్లో ఫుట్‌బాల్ టోర్నమెంటుకు కప్పు కన్నా ముఖ్యమైనది ఖస్సీ. విత్తు కొట్టిన మేకపోతు. గెలిచిన జట్టుకు పెద్దది, రెండో జట్టుకు చిన్నది. వానలు మొదలై నాట్లు అయ్యాక ఊరూరా ఈ ఆటలే. జట్లు ట్రాక్టర్ల మీద, టెంపోల్లో, నలుగురేసి మోటారుసైకిలు మీద వస్తాయి. మైదానం చుట్టూ కంచె ఉండదు, జనమే కంచె. లైను దగ్గర కట్టేసిన ఖస్సీ మెడలో బంతిపూల దండ వేసుకుని ఆకులు నములుతూ ఉంటుంది. కప్పయితే ఎవరి ఇంట్లో ఉండాలన్న గొడవ. ఖస్సీ అయితే ఆ రాత్రే తేలిపోతుంది. మసాలా ఎవరు తేవాలన్నదొక్కటే మిగులుతుంది. గెలిచిన జట్టు ఓడినవాళ్లను కూడా పిలిచి పెట్టడం నేను చూశాను. ఏ పెద్ద లీగులోనూ ఆ నిబంధన లేదు.

పెద్ద లీగు అన్నాను కాబట్టి అదీ మనవి చేస్తాను. ఫుట్‌బాల్ విషయంలో ఈ ఊరికి లోటు చేశారని నేననడం లేదు, అంటే కళ్లు పోతాయి. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద మన తొలి గోల్ కొట్టిన పి.కె. బెనర్జీ ఈ ఊళ్లో చదువుకున్నవాడు. ఆ జట్టును తయారుచేసింది హైదరాబాద్ రహీం సాబ్, బళ్లో పాఠాలు చెప్పిన మనిషి. రెండేళ్లకు ఆసియా కప్‌లో అదే కొరియా మీద తొలి గోల్ అప్పలరాజుది. ఆ పేరు చెప్పి పిలిస్తే మా వీధిలో ఇంటికొకరు తల బయట పెడతారు. 1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ వచ్చింది. కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, సుబ్రతా పాల్ అందులోంచి దేశానికి ఆడారు. 2017లో జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ పుట్టింది, 2021-22లో ఐఎస్ఎల్ లీగ్ షీల్డ్ గెలిచింది. జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్సును అభిమానులు ఫర్నేస్ అంటారు. మ్యాచ్ రోజు ఎర్ర జెర్సీ వేసుకుని నేనూ వెళ్తాను, గొంతు పోయేదాకా అరుస్తాను.

కానీ అయ్యా, అకాడమీ ఎంపికైనవాళ్లకు, ఫర్నేస్ టికెట్టు కొన్నవాళ్లకు. ఎంపిక కాని కుర్రాళ్ల సంగతేమిటి? ఆ మాటకొస్తే ఎంపికైనవాడు మాత్రం మొదట ఎక్కడ ఆడాడు? తల్లి వంటింట్లోంచి పిలిస్తే వినపడేంత దూరంలో ఆడాడు. అకాడమీ దాకా పోవడానికి ముందు, సిద్ధగోరాలోనో బారీడీలోనో భుయియాడీలోనో ఒక జాగా కావాలి. 1940లలో ఈ ఊరికి ప్లాను గీసిన ఓటో కోనిగ్స్‌బెర్గర్ ఇదే అన్నాడు. తర్వాత భువనేశ్వర్‌కు నక్షా వేసింది కూడా ఆయనే. పేటలు ఎలా ఉండాలంటే, పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా బడికి, ఆటకు నడిచిపోగలగాలని ఆయన పద్ధతి. ఇప్పుడు మా పిల్లలు రెండు పెద్ద రోడ్లు దాటి, ఆటో ఎక్కి, గంటకింతని డబ్బు కట్టి ప్లాస్టిక్ గడ్డి మీద ఆడుతున్నారు. కట్టలేనివాళ్లు ఫోనులో ఆడుతున్నారు.

మా మైదానం ఎప్పుడు పోయిందంటే ఒక్క రోజున పోలేదు. దసరాకు పందిరి వేశారు, పండగ కదా అనుకున్నాం. పందిరి తీయకముందే ఛఠ్ పండగ వచ్చింది. సూర్య మందిరం వైపు జనం తీర్థంలా కదిలితే బళ్లన్నీ మా పెనాల్టీ ఏరియాలో పార్కు చేశారు. తర్వాత పెళ్లిళ్ల ముహూర్తాలు. తర్వాత మేళా. వినాయక చవితికి మా తెలుగువాళ్లే సెంటర్ సర్కిల్ మీద స్వామిని ప్రతిష్ఠించారు, చందా పుస్తకం నా చేతికే ఇచ్చారు. ఏమనగలను? ఎన్నికలు వస్తే 86 బస్తీల జనానికి వాళ్లుండే జాగాల మీద మాలికానా హక్కు ఇప్పిస్తామని ఆ మైదానంలోనే మైకులో చెప్తారు, అందరం చప్పట్లు కొడతాం. అక్కడ ఆడుకునే హక్కు మాట మాత్రం ఏ పార్టీవాడి నోటా రాదు. మైనర్లకు ఓటు లేదు మరి.

పండగలు వద్దని నేను చచ్చినా అనను. నా పేచీ గుంతలతో. పందిరి వేసేవాడు వెదురు పాతడానికి మూరెడు లోతు తవ్వుతాడు. తీసుకుపోయేటప్పుడు వెదురు తీసుకుపోతాడు, గుంత మాకు వదిలేస్తాడు. వానకు అందులో నీళ్లు నిండితే నేలకూ గుంతకూ తేడా తెలీదు, చీలమండ మడత పడ్డాకే తెలుస్తుంది. దానికి తోడు మేకులు, తాళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు, సగం కాలిన పొయ్యి బొగ్గు. మా జట్టులో మంచి రైట్ వింగర్ ఒకడు అలాంటి గుంతలోనే కాలు పెట్టి ఆట మానేశాడు. ఇప్పుడు కేటరింగ్ చేస్తున్నాడు. ఆ మైదానంలో పెళ్లిళ్లకు భోజనాలు అతనివే.

కాబట్టి తమ దరఖాస్తు ఫారం తెచ్చుకుని కూర్చున్నాను. కార్యక్రమం పేరు అన్నచోట ఫుట్‌బాల్ అని రాశాను. నిర్వాహకుల పేరు అడిగారు, ముందుగా వచ్చినవాడు అని రాశాను. ముఖ్య అతిథి గడిలో బంతి ఎవరిదైతే వాడు. మైకు అక్కర్లేదు, మా గోలీ అరిస్తే బాగున్‌హాతు దాకా వినిపిస్తుంది. కరెంటు అక్కర్లేదు, బంతి కనపడకపోతే ఆగిపోతాం. ఆహూతుల సంఖ్య ఇరవై రెండు, ఇద్దరు అలిగి వెళ్లిపోతే ఇరవై. కార్యక్రమం ఎన్ని రోజులు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. అందులో రెండంకెలకే చోటు ఉంది. మైదానానికి కలిగే నష్టం అన్నచోట గడ్డి అరుగుదల అని నిజాయితీగా ఒప్పుకున్నాను. అద్దె ఎంతో చెప్తే కుర్రాళ్లు తలా కాస్తా వేసుకుంటారు. జంషెట్‌జీ గారి ఉత్తరం నకలు రాయితీ కింద చెల్లుతుందేమో చూడగలరు.

మొత్తం మాకే ఇవ్వమనడం న్యాయం కాదంటారా, సరే. నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా మాకు వదలండి, మిగతా పొద్దంతా ఎవరికైనా ఇచ్చుకోండి. పందిరి వేసినవాడి దగ్గర తమరు డిపాజిట్ తీసుకుంటారు కదా, గుంత పూడ్చి చూపిస్తేనే అది వాపసు అని ఒక్క వాక్యం ఫారంలో చేర్చండి. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. ఆ వాక్యం నేనే తెలుగులోను హిందీలోను రాసిస్తాను, ఇంగ్లీషు తమరు చూసుకోండి.

వానల్లో ఖస్సీ టోర్నమెంటు పెట్టుకుందామని కుర్రాళ్లు సరదాపడుతున్నారు. మైదానం దొరికితే ఫైనల్‌కు తమరే ముఖ్య అతిథి, ఖస్సీ తాడు తమ చేతుల మీదుగానే అందించాలి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. కిందటిసారి అతిథి గారి ఉపన్యాసం మొదటి పేజీ దాటకముందే, మిగతా పేజీలు ఖస్సీ నమిలేసింది. జనం దాన్ని తప్పుపట్టలేదు. తమరు మాత్రం ఇంకో ప్రతి జేబులో పెట్టుకుని రాగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
పాత లెఫ్ట్ బ్యాక్, సిద్ధగోరా.

జతపరచినవి: పూర్తిచేసిన దరఖాస్తు ఫారం ఒకటి; పందిరి తీసేశాక గోల్ ముందు ఏరిన మేకులు, ఒక డబ్బా.