షుగర్ గ్రూపులో వినకూడని సలహాలు

మా పాపకి ఏడో ఏట టైప్ 1 షుగర్ అని తేలింది. ఆ వారమే ఎవరో నన్ను షుగర్ ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేర్చారు. సాయంత్రానికల్లా ఫోన్ నిండా సలహాలు. అన్నీ ప్రేమతో పంపినవే. వాటిలో కొన్ని మాత్రం బిడ్డ ప్రాణం మీదికి తెచ్చేవి. కొత్తగా చేరే తల్లిదండ్రుల కోసం వాటిని ఇక్కడ రాస్తున్నాను. దయచేసి వీటిని పాటించకండి.

"తల్లీ, పసిదానికి సూది అలవాటు చేయకు. మెల్లగా మాన్పించి పరగడుపున కాకరకాయ రసం పట్టు. నాకు తగ్గింది."

ఇది రాసిన పెద్దాయన అబద్ధం చెప్పలేదు. ఆయనది టైప్ 2. మాత్రలు వేసుకుంటూ, నడుస్తూ, రసం కూడా తాగారు, తగ్గింది. మా పాపది వేరే జబ్బు. టైప్ 1లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఒంట్లోని రోగనిరోధక శక్తే చంపేస్తుంది. సూది మానేస్తే రక్తంలో కీటోన్లు పేరుకుని వాంతులు, ఆయాసం మొదలై రోజుల్లోనే స్పృహ తప్పుతుంది. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎంతోకాలం బతికేవాళ్లు కాదు. కాకర పాదులు మన పెరళ్లలో అప్పుడూ ఉన్నాయి. రెండు జబ్బులనీ "షుగర్" అనే ఒక్క పేరుతో పిలవడమే ఈ అనర్థానికి మూలం. అందుకే ఎవరు ఏం చెప్పినా ముందు అడగండి: "మీది టైప్ 1ఆ, టైప్ 2ఆ?"

"రాత్రి మూడొందలు చూపిస్తే ఇంకో నాలుగు యూనిట్లు వేసేయండి."

నేను వేశాను. రాత్రి రెండింటికి పాప వీపు తడిమితే గౌను చెమటకి తడిసి ముద్దయింది. మీటర్‌లో 48. చేతులు వణుకుతుంటే గ్లూకోజ్ పొడి సగం మంచం మీదే ఒలికింది. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ వేలు గుచ్చి చూశాను. 82 వచ్చాకే ఊపిరి పీల్చుకున్నాను. సాయంత్రం వేసిన మందు ఇంకా ఒంట్లో పనిచేస్తోందని, పిల్ల బరువుని బట్టి డోసు మారుతుందని ఆ సలహా ఇచ్చినావిడకి తెలియదు, నాకూ తెలియదు. యూనిట్ల లెక్క డాక్టర్ దగ్గరే తేల్చుకోండి. లో షుగర్‌కి చాక్లెట్ పెట్టమంటారు, అదీ వద్దు. అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

"రాగి జావ ఎంతైనా తాగొచ్చు." తాగకూడదు, అదీ పిండి పదార్థమే. "మందు తగ్గించినా షుగర్ పెరగట్లేదంటే జబ్బు నయమైనట్టే." ఇది పెద్దవాళ్లని ముంచే మాట. కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోయి షుగర్ దిగుతుంది. సంబరపడే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

"బళ్లో చెప్పకండి, రేపు పెళ్లి కాదు." నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఈ మాటే. ఆటల పీరియడ్‌లో పిల్ల కళ్లు తిరిగి పడిపోతే టీచర్‌కి ఏం చేయాలో తెలియాలి కదా! మా పాప సంచిలో గ్లూకోజ్ పొట్లం ఉంటుందని క్లాసులో అందరికీ తెలుసు.

ఇంత చెప్పినా నేను గ్రూపు వదల్లేదు. బ్రిటన్‌లో 1934లో డయాబెటిక్ అసోసియేషన్ పెట్టిన ఇద్దరికీ షుగర్ ఉండేది. ఒకరు రచయిత హెచ్.జి.వెల్స్, ఇంకొకరు డాక్టర్ ఆర్.డి.లారెన్స్. రోగుల తోడూ వైద్యుడి మాటా అక్కడ కలిసే నడిచాయి. పాపకి షుగర్ పడిపోయిన ఆ రాత్రి నాతో తెల్లారేదాకా ఫోన్‌లో మాట్లాడింది గ్రూపులోని ఒక అక్కే. కరెంటు పోతే ఇన్సులిన్ సీసాని తడి మట్టికుండలో ఎలా దాచాలో నేర్పిందీ ఆవిడే.

మీ గ్రూపులో ఎవరైనా పసిపిల్లకి సూది మాన్పించమని రాస్తే, పెద్దవారు కదా అని మొహమాటపడకండి. వెంటనే కింద "ఇది తప్పు" అని రాయండి. ఆ రోజే గ్రూపులో చేరిన తల్లి ఎవరో అది చదువుతూ ఉంటుంది.