దేవుడు ఎదురైతే గుర్తుపట్టడం ఎలా? పాతబస్తీవాసులకు కొన్ని సూచనలు

ముందు ఫ్లెక్సీల మీంచి చూపు తిప్పుకోండి. ఆషాఢం వచ్చిందంటే లాల్‌దర్వాజా నుంచి గౌలిపురా దాకా కరెంటు స్తంభం ఒక్కటీ ఖాళీగా ఉండదు. ఫ్లెక్సీలో అమ్మవారు పైన ఓ మూల చిన్నగా ఉంటుంది, కింద నాయకుడు నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతుంటాడు. కొత్తగా వచ్చినవాళ్లు బొమ్మ సైజును బట్టి దండం పెట్టేస్తారు. అది మొదటి తప్పు.

పుస్తకాల్లో లక్షణాలు వెతకడం రెండోది. తల వెనక వెలుగు, ఆజానుబాహువులు, పాదాల్లో శంఖచక్రాలు అని రాసి ఉంటుంది. కానీ దశావతారాల్లో మొదటి మూడూ చేప, తాబేలు, పంది. వీటిలో దేనికీ ఆజానుబాహువులు లేవు. సత్యవ్రతుడి దోసిట్లో పడ్డ చేపపిల్లను ఆయన ఎలా పోల్చుకున్నాడో గుర్తుందిగా? అది రోజుకో పెద్ద చోటు అడిగింది. కమండలం చాలలేదు, కొలను చాలలేదు, చివరికి సముద్రమే కావాల్సి వచ్చింది. అయితే ఈ పరీక్షను ఇప్పుడు పెట్టకండి. ఏటేటా ఇంకాస్త పెద్ద స్థలం అడగడమే గుర్తయితే, ఊరి చుట్టూ ఉన్న ఆశ్రమాల్లో చాలా వరకు ఫస్టుక్లాసులో పాసవుతాయి.

మనకు పనికొచ్చే పాఠం దగ్గర్లోనే ఉంది, గోల్కొండలో. పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. గోల్కొండ పాదుషా తానీషా ఆయన్ని ఖైదులో వేశాడు. పన్నెండేళ్లు గడిచాయి. ఒక రాత్రి పాదుషా పడకగదిలో ఇద్దరు కుర్రవాళ్లు ప్రత్యక్షమయ్యారు. రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకున్నారు, గోపన్న నౌకర్లమన్నారు. ఆరు లక్షల మాడలు కుప్పబోసి రసీదు అడిగారు. తానీషా నిద్రకళ్లతోనే రసీదు రాసిచ్చాడు. అది తెల్లారేసరికి జైల్లో గోపన్న తలగడ కింద ఉంది.

కథే అనుకోండి. అయినా ఇందులో పనికొచ్చే వివరం ఎంత ఉందో చూడండి. వచ్చినవాళ్లు విల్లంబులు పట్టుకుని రాలేదు. దఫ్తరు కాగితంలో రాయడానికి వీలైన పేర్లు పెట్టుకుని వచ్చారు. డబ్బు అడగలేదు, కట్టారు. కట్టి ఊరుకోకుండా రసీదు అడిగారు. బాకీ తీర్చాక కాగితం లేకపోతే సర్కారు మళ్లీ మొదటికి తెస్తుందని దేవుడికి కూడా తెలుసన్నమాట. కాబట్టి అసలు పరీక్ష ఇదీ: పైసలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూడండి. మీ జేబులోంచి ఆయన హుండీలోకి పోతుంటే నింపాదిగా ఆలోచించుకోవచ్చు, తొందరేం లేదు. ఆయన జేబులోంచి మీ బాకీలోకి వస్తుంటే మాత్రం వెంటనే కాళ్లు పట్టుకోండి. పట్టుకోరులెండి, నాకు తెలుసు. ఇంకెవరికో పొరపాటున వేసిన డబ్బేమోనని బ్యాంకుకు పరిగెడతారు.

ఇంకో సంగతి. కీర్తనలు రాసి, నగలు చేయించి, దెబ్బలు తిన్న రామదాసుకు, అదే మన గోపన్నకు, ఆ రాత్రి దర్శనం కాలేదు. ఖైదు చేసినవాడికి అయింది. దీనికి పెద్దలు పూర్వజన్మ లెక్క ఒకటి చెబుతారు, గోపన్న అప్పుడొక చిలకను పన్నెండేళ్లు పంజరంలో పెట్టాడట. నాకు ఆ లెక్క అంతగా నచ్చదు, చిలక బాకీ అంత కచ్చితంగా వసూలు చేసేవాళ్లు ఖజానా బాకీ విషయంలో అంత ఉదారంగా ఎలా ఉన్నారు? ఏమైనా, దేవుణ్ణి చూసే అవకాశం భక్తుడి కంటే వసూళ్ల అధికారికే ఎక్కువని తేలింది. దర్శనం మీద మరీ ఆశ ఉన్నవాళ్లు రెవెన్యూ శాఖ పరీక్షలు రాసుకోవచ్చు. తానీషా 1687లో రాజ్యం పోగొట్టుకుని ఔరంగజేబు బందీ అయ్యాడు. కానీ ఆయన మొదలుపెట్టిందని చెప్పే ఆనవాయితీ ప్రకారం, శ్రీరామనవమికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు నేటికీ భద్రాచలానికి వెళ్తున్నాయి. ఒక్క రసీదు ఇచ్చిన పాపానికి!

అచ్చం దేవుడిలాగే ఉన్నవాణ్ణి చూస్తే నిశ్చింతగా ఉండండి. నీలిరంగు, కిరీటం, గద, తోక అన్నీ సరిగ్గా కుదిరాయంటే అతను పగటివేషగాడు. పది రూపాయలివ్వండి. తన వేషం వేషమేనని ఒప్పుకునే నిజాయితీ అతనిలో ఉంది, ఈ రంగంలో అది అరుదు.

రంగమంటే గుర్తొచ్చింది. బోనాల మర్నాడు, సోమవారం జరిగే రంగంలో, అమ్మవారు పాతబస్తీలో తానుగా మాట్లాడుతుంది. పచ్చికుండ మీద నిలబడ్డ ఆడమనిషి ఒంటి మీదికి వస్తుంది. గుర్తుపట్టడమెలా అన్న బెంగ అక్కడ అక్కర్లేదు, ఆమే మిమ్మల్ని గుర్తుపడుతుంది, చేసిన తప్పులు చదువుతుంది. పూజలు మంచిగ అందినయా తల్లీ, వానలు పడ్తయా అని పూజారి అడుగుతాడు. ప్లాటు రేట్లు అడగొద్దు. కెమెరా ముందుకు తోసుకురావొద్దు. అవతారాలు జీవితాంతం ఉంటాయని నమ్మేవాళ్లకు ఇక్కడ కాస్త ఇబ్బంది, ఎందుకంటే ఈ అవతారం గంట కూడా ఉండదు. దిగిపోయాక ఆమెకు మంచినీళ్లు కావాలి, కూర్చోవడానికి చోటు కావాలి. పీఠం గీఠం ఏమీ అడగదు.

ఒళ్లంతా పసుపు, నడుముకు వేపమండలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడాతో ఒకాయన మీ మీదికి ఎగిరొస్తే ఆయన పోతరాజు, అమ్మవారి తమ్ముడు. ఆధారాలు అడగకుండా పక్కకు జరగండి.

అక్కన్న మాదన్న గుడి ఘటం హరిబౌలి నుంచి ఏనుగు మీద బయల్దేరి శాలిబండ, చార్మినార్, మదీనా దాటి నయాపూల్ దాకా పోతుంది. జూపార్కు ఏనుగు రజని కొన్నేళ్లు ఆ ఘటాన్నీ మోసింది, మొహర్రంలో డబీర్‌పురా బీబీకా అలంనీ మోసింది. ఎవరు అసలు, ఎవరు కాదు అని ఎక్కడా మొరాయించినట్టు వినలేదు. మనకు అంత చదువు అబ్బలేదు.

బతికున్న మనుషులను దేవుళ్లను చేసే ముందు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సంగతి ఒకసారి తలుచుకోండి. పాము కరిస్తే ఆయన పేరు తలిస్తే విషం దిగుతుందని జనం నమ్మారు. ఏ వేళ వచ్చినా తనను లేపమని ఆయన చెప్పి ఉంచాడట. 1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచేసినప్పుడు ఆయన నదికి చీర, పసుపు కుంకుమలు సమర్పించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. దేవుడినని మాత్రం ఎక్కడా ప్రకటించుకోలేదు. ప్రకటించుకోవడమే కావాలంటే మనకు పుట్టపర్తి ఉంది. 1940లో పదమూడేళ్ల కుర్రాడు తాను సాయిబాబానన్నాడు, సగం ప్రపంచం నమ్మింది, సగం నవ్వింది. అనంతపురం పల్లెల్లో ఆయన ట్రస్టు వేయించిన కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డావిడను మాత్రం ఈ విషయంలో ఏమీ అడక్కండి. బిందె నిండాక మాట్లాడుతుంది.

చివరగా, మీరే అవతారమేమోనన్న అనుమానం మీకే వస్తే. నలభై దాటాక చాలామందికి వస్తుంది, కంగారు పడొద్దు. చుట్టుపక్కల అప్పుల్లో ఉన్నవాడెవడో కనుక్కోండి. రాత్రిపూట షావుకారి దగ్గరికి వెళ్లి, వేరే పేరు చెప్పి, బాకీ మొత్తం కట్టేసి, రసీదు అతని పేరున రాయించి, తలగడ కింద పెట్టి వచ్చేయండి. సెల్ఫీ తీసుకోవద్దు. తెల్లారి ఎవరికీ చెప్పొద్దు. అతను ఇంకెవరికో దండం పెడుతుంటే చూసి ఊరుకోండి. ఇవన్నీ చేయగలిగితే అనుమానం బలపడినట్టే. ఇంట్లోవాళ్లు మాత్రం నమ్మరు. చిట్టీ పైసలు ఏం జేసినవని అడుగుతారు.