గ్యాస్ మారింది, చిల్లు మారలేదు

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటని పిల్లలెవరైనా అడిగితే, వీధి చివర కూల్‌డ్రింక్ షాపుకి తీసుకెళ్ళి కొత్త ఫ్రిజ్ చూపించండి. గాజు తలుపు మీద ఓ మూల పచ్చగా ఆకు బొమ్మ ఉంటుంది. భూమి వేడెక్కిపోతోందని కంపెనీవారికి దిగులు పట్టుకుని లోపలి గ్యాస్ మార్చారట. మార్చకముందున్న గ్యాస్‌నీ ఇలాగే ఆకాశానికెత్తి అమ్మారు. నిజంగానే అది ఆకాశానికెక్కి కూర్చుంది. దానికి ముందున్నదీ అంతే. ఈ వ్యాపారంలో జబ్బు బయటపడేసరికి మందు రెడీగా ఉంటుంది, పేటెంటుతో సహా. అమ్మేవాడు మాత్రం చాలాసార్లు పాతవాడే.

వంశవృక్షం ఒకసారి తిరగేద్దాం. 1930లో థామస్ మిడ్‌గ్లీ అనే అమెరికా రసాయనవేత్త నిండు సభలో ఫ్రియాన్ అనే ఫ్రిజ్ గ్యాస్‌ని గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పేశాడు. విషం కాదు, అంటుకోదు అని అందరి ఎదుటా తేల్చేశాడు. పెట్రోలులో సీసం కలిపే విద్య కనిపెట్టిందీ ఈయనే కాబట్టి, గాలికి ఇంత సేవ చేసిన మనిషి మరొకరు పుట్టి ఉండరు. 1974లో మొలీనా, రోలండ్ ఈ జాతి గ్యాసులు ఓజోన్ పొరను తినేస్తాయని చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద చిల్లు సంగతి బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం: ప్రపంచ దేశాలన్నీ సంతకం పెట్టి, పెట్టినదాన్ని పాటించిన అరుదైన కాగితం అది. ఆకాశంలో చిల్లు మెల్లగా పూడుతోంది. ఫ్రిజ్ వెనక రాగి గొట్టంలో ఉన్న చిల్లు జోలికి మాత్రం ఏ ఒప్పందమూ పోలేదు.

ఓజోన్‌ని ముట్టుకోని గ్యాసులు కావాలన్నారు, వచ్చాయి. షాపు ఫ్రిజ్‌లలోకి ఆర్-134ఏ, ఐస్‌క్రీం డీప్ ఫ్రీజర్లలోకి, సూపర్ మార్కెట్లలోకి ఆర్-404ఏ. కొత్త కోడలికి ఒకే ఒక్క చిన్న లోపం. కిలో కార్బన్ డయాక్సైడ్ పెంచే వేడిని ఒకటి అనుకుంటే, కిలో 134ఏ పెంచేది 1,430. కిలో 404ఏ అయితే 3,922. అంటే ఐస్‌క్రీం పార్లర్ వెనక సందులో ఒక్క కిలో 404ఏ గాల్లో కలిస్తే, లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు పాతిక వేల కిలోమీటర్లు తిరిగిన లెక్క. ఆ కారుకి పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే ట్రాఫిక్ పోలీసు ఆపుతాడు. సందులోకి ఏ పోలీసూ రాడు.

మధ్యలో హరికథ చెప్పుకోదగ్గ అంకం ఒకటుంది. ఆర్-22 అనే మరో పాత గ్యాస్‌ని తయారు చేసేటప్పుడు హెచ్ఎఫ్‌సీ-23 అనే చెత్త గ్యాస్ కొంచెం పుడుతుంది. వేడి పెంచడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కి పది వేల రెట్లకు పైమాటే. దాన్ని గాలికి వదలకుండా కాల్చేస్తే కార్బన్ క్రెడిట్లు ఇస్తామంది ఐక్యరాజ్యసమితి పథకం. ఉద్దేశం బంగారం. కాల్చడానికయ్యే ఖర్చు స్వల్పం, క్రెడిట్ల ధర ఘనం. చైనాలోనూ మన దేశంలోనూ ఉన్న ఆ ఫ్యాక్టరీలకి అసలు సరుకు కంటే చెత్తే లాభసాటి అయి కూర్చుంది. క్రెడిట్లు వచ్చినంతకాలం చెత్త దండిగా పుట్టడం, రానప్పుడు తగ్గిపోవడం చూసి ఆ లెక్కలు తిరగేసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాణ్ణి మనం తరతరాలుగా తిట్టుకుంటున్నాం. పాపం, వాడు నిప్పు అడిగి ఊరుకున్నాడు. వీళ్ళు నిప్పు పెట్టి, రసీదు రాసి, యూరప్‌కి అమ్ముకున్నారు. 2013 మే నుంచి యూరప్ ఆ రసీదులు తీసుకోవడం మానేసింది. 2016 అక్టోబరులో మన ప్రభుత్వం మీ చెత్త మీ ఖర్చుతోనే కాల్చుకోండని ఆదేశించింది.

అదే 2016 అక్టోబరు 15న రువాండా రాజధాని కిగాలిలో 134ఏ, 404ఏ లాంటి కొత్త కోడళ్ళ సంగతి తేల్చారు. ధనిక దేశాలు 2019లో మొదలుపెట్టి 2036 కల్లా 85 శాతం తగ్గించాలి. చైనా ఉన్న జట్టు 2024లో పెరుగుదల ఆపాలి. మనం, పాకిస్తాన్, ఇరాన్, ఇరాక్, గల్ఫ్ దేశాలు చివరి జట్టు. ఏ అంతర్జాతీయ సభలోనూ ఒక్క మాట మీద నిలబడని ఇండియా, పాకిస్తాన్ ఇక్కడ మాత్రం ఒకే వెనక బెంచీ మీద సర్దుకు కూర్చున్నాయి. మనకి 2028లో బ్రేకు. 2032కి 10 శాతం తగ్గాలి, 2037కి 20, 2042కి 30. ఆ తర్వాత అయిదేళ్ళలో, అంటే 2047కి, ఏకంగా 85. పరీక్ష రేపనగా రాత్రంతా చదివి పాసైపోదామనుకునే కుర్రాడి టైంటేబుల్ ఇది.

అంతకంటే అందమైనది తగ్గింపుకి కొలబద్ద. 2024, 2025, 2026 సంవత్సరాల వాడకం సగటు తీసి, దానికి ఆర్-22 లాంటి పాత హెచ్‌సీఎఫ్‌సీ గ్యాసుల లెక్కలోంచి 65 శాతం కలుపుతారు. అదే మన కోటా. ఈ మూడేళ్ళలో ఎంత ఎక్కువ తాగితే రేపటి గ్లాసు అంత పెద్దది. ముందే బుద్ధి తెచ్చుకుని మంచి గ్యాస్‌కి మారిన షాపువాడు దేశం కోటాకి గండి కొట్టిన ద్రోహి అన్నమాట. అసలు సిసలు దేశభక్తుడు ఈ మూడేళ్ళూ 404ఏ తప్ప వేరే గ్యాస్ ముట్టుకోడు.

అవతలి వాళ్ళ సంగతీ చూద్దాం. యూరప్‌లో 2022 నుంచి ఆ వేడి లెక్క 150 దాటిన గ్యాస్‌తో సీలు చేసిన కొత్త షాపు ఫ్రిజ్ అమ్మకూడదు. మాట మీద నిలబడ్డారు, మెచ్చుకోవాలి. అమెరికా 2020 డిసెంబరులో ఈ గ్యాసులు తగ్గించాలని చట్టం చేసింది. సంతకం పెట్టింది ట్రంప్. 2025లో అదే ట్రంప్ ప్రభుత్వం, సూపర్ మార్కెట్లకి గడువులు సడలిస్తే కిరాణా ధరలు తగ్గుతాయని ప్రతిపాదించింది. మన రైతుబజార్లో టమాటా ధర ఎందుకు దిగడం లేదో ఇప్పుడు బోధపడింది.

ఇక ఢిల్లీ నుంచి, బ్రస్సెల్స్ నుంచి చూస్తే కనపడని చోటికి వద్దాం. మే నెల, బెజవాడ, మిట్టమధ్యాహ్నం. ఐస్‌క్రీం పార్లర్ వెనక మెకానిక్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. గేజి గొట్టం తగిలించే ముందు పిన్ను నొక్కాడు. లైన్లో మిగిలిన కాస్త గ్యాసూ 'స్‌స్‌స్' మని సందులోకి పోయింది.

"పోయినేడు కూడా నువ్వే కొట్టావు కదయ్యా, మళ్ళీ ఏమొచ్చింది?"

"గ్యాస్ అయిపోయిందన్నా."

గ్యాస్ పెట్రోలు కాదు, కాలిపోవడానికి. సీలు చేసిన గొట్టాల్లో తిరిగిందే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లుంది. ఆ ముక్క మెకానిక్‌కి మనకంటే బాగా తెలుసు.

"లీకు పట్టాలంటే నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ పూసి, జాయింటు జాయింటూ చూడాలన్నా. పూట పడుతుంది. మూసుకుంటారా మరి?"

"ఇప్పుడా? బటర్‌స్కాచ్ అంతా కరిగి పాయసమవుతోంది. ముందు గ్యాస్ కొట్టెయ్. చలికాలంలో చూద్దాంలే."

చలికాలంలో ఐస్‌క్రీం ఎవరూ కొనరు, ఫ్రీజర్ సంగతి ఎవరికీ గుర్తుండదు. మెకానిక్ సిలిండర్ తలకిందులు చేసి, గొట్టం మీద మంచు పట్టేదాకా ఎక్కించి, వేలితో తాకి చూసి, తృప్తిగా తలాడించి వెళ్ళిపోతాడు. ఇందులో ఎవరిని తిట్టగలం? ఓనరుకి సరుకు పోతుంది. మెకానిక్‌కి ఇంకా నాలుగు కాల్స్ ఉన్నాయి. పాత గ్యాస్‌ని పట్టి సిలిండర్‌లోకి ఎక్కించే మెషీన్ కొనాలంటే అతను అప్పు చేయాలి. చేసి పట్టినా, దాన్ని ఎవరికివ్వాలో, తీసుకుని ఏమిస్తారో చెప్పే నాథుడు వీధిలో లేడు. ఫ్రీజర్ చచ్చాక పాత ఇనప సామాను కొట్లో రంపంతో గొట్టం కోసేస్తారు. మిగిలిందీ పైకే. తిలాపాపం తలా పిడికెడు.

మన వీధి అనే కాదు. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారమే అక్కడి సగటు సూపర్ మార్కెట్ తన గొట్టాల్లోని గ్యాస్‌లో దాదాపు నాలుగో వంతు ఏటా గాలికి వదిలేస్తుంది. వాళ్ళకి ఏసీ గదుల్లో కంప్యూటర్లు, అలారాలు ఉన్నాయి. మనకి వేలు ఉంది.

సరే, మంచి గ్యాసులు లేవా? ఉన్నాయి. ప్రొపేన్ ఉంది. వేడి లెక్క 3. చల్లబరచడంలో పాతవాటికి ఏమాత్రం తీసిపోదు, ధర తక్కువ. పేటెంటు లేదు కాబట్టి పొగిడేవాళ్ళూ తక్కువే. అంటుకుంటుంది అన్నదే ఫిర్యాదు. నిజమే, అంటుకుంటుంది. అందుకే షాపు ఫ్రిజ్‌లో 150 గ్రాములకు మించి ఉండకూడదని చాలాకాలం అంతర్జాతీయ ప్రమాణం; 2019లో దాన్ని 500 గ్రాములకి పెంచారు. టిఫిన్ సెంటర్ యజమాని ఇది విని గుండె పట్టుకుంటాడు. "వామ్మో, పేలదూ?" అంటాడు. అలా అంటూ ఆనుకుని నిలబడ్డది 19 కిలోల ఎల్పీజీ సిలిండర్‌కి. దానిలో ఉన్నదీ ప్రొపేనూ, బ్యూటేనే. పక్కనే పెనం కింద మంట భగభగలాడుతుంటుంది. దానితో ఆయనకి ఏ పేచీ లేదు.

నిజంగా భయపడాల్సినవాడు ఇందాకటి మెకానిక్. లైను పూర్తిగా ఖాళీ చేయకుండా అలవాటు కొద్దీ బ్రేజింగ్ టార్చి వెలిగిస్తే మంట అతని మొహం మీదికే వస్తుంది. 2019లో కేంద్రం వేసిన శీతలీకరణ ప్రణాళికలో లక్ష మంది మెకానిక్కులకి శిక్షణ, సర్టిఫికెట్లు అని రాశారు. చాలా మంచి మాట. సర్టిఫికెట్‌తో గ్యాస్ పట్టలేం గానీ, విసురుకోవచ్చు. మే నెలలో అదీ అవసరమే.

పేటెంటు ఉన్న మంచి గ్యాసులూ ఉన్నాయి, హెచ్ఎఫ్ఓలని. వీటి ఘనత ఏమిటంటే గాల్లోకి పోయిన కొద్దిరోజులకే విడిపోతాయి. వాటిలో పేరుమోసిన 1234వైఎఫ్ విడిపోయి ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లంగా మారి వానలో దిగుతుంది. ఆ ఆమ్లం ఇక విడిపోదు, నేలలో నీళ్ళలో ఉండిపోతుంది. 2023లో అయిదు యూరప్ దేశాలు ఇలాంటి రసాయనాల మూకుమ్మడి నిషేధానికి ప్రతిపాదన పెట్టాయి. కాబట్టి కంగారు లేదు, తరవాతి ఆకు బొమ్మకి కారణం ఇప్పటినుంచే తయారవుతోంది.

కార్బన్ డయాక్సైడ్‌నే గ్యాస్‌గా వాడొచ్చు. దొంగ చేతికే తాళాలిచ్చినా, ఈ దొంగ వేడి లెక్క 1 మాత్రమే. కాకపోతే 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా మారదు. వంద బార్ల పీడనంతో బుజ్జగించాలి. రామగుండంలో మే నెల 31 డిగ్రీలంటే ఎప్పుడో తెల్లవారుజామున. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఈ చిక్కు విప్పడానికి నిజంగానే ప్రయోగాలు చేశారు.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలవాళ్ళకి ఈ గొడవేదీ పట్టదు. వాళ్ళది తాతల నాటి అమ్మోనియా. వేడి లెక్క సున్నా. భూమిని కాపాడుతున్నామని వాళ్ళకి తెలియదు, ఆకు బొమ్మ అతికించుకోవాలనీ తోచలేదు. ప్రాణం తీయగల గ్యాసే, కాదనలేం. కానీ దానికి ముక్కు పగిలే కంపుంది. కాస్త లీకైనా వీధంతా పరిగెడుతుంది, ఫైరింజన్ వస్తుంది, పేపర్లో పడుతుంది, వాల్వు మారుతుంది. 404ఏ మర్యాదస్థురాలు. రంగు లేదు, వాసన లేదు, ఏళ్ళ తరబడి ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా కారుతుంది. వంట గ్యాస్‌లో కంపు కలిపినట్టే దీన్లోనూ కలపమని ఒక్క లైను చట్టం చేస్తే, ఐస్‌క్రీం పార్లర్ ఓనర్లు చలికాలం దాకా ఆగరు. గ్యాస్ పేరు మార్చడం కంటే చవక. అందుకే ఎవరూ చేయరు.

ఇంకో మాట చెప్పి ఆపుతాను. అంతర్జాతీయ శీతలీకరణ సంస్థ లెక్కలో ఈ రంగం వల్ల భూమికి పట్టే వేడిలో 63 శాతం అసలు గ్యాస్‌ది కాదు, కరెంటుది. మన కార్పొరేట్ సూపర్ మార్కెట్లలో పాలు, పెరుగు, పన్నీరు పెట్టే నిలువెత్తు అరలకి తలుపులుండవు. తలుపుంటే కస్టమర్ చెయ్యి ఆగిపోతుందట. లోపలి చలి బయటికి, బయటి వేడి లోపలికి పోతూ వస్తూ ఉంటాయి, కంప్రెసర్ ఆ వేడిని తట్టుకుంటూ ఉంటుంది. ఆ తలుపులేని అర అంచు మీద కూడా అతికించారు ఆకు బొమ్మ.

2047లో స్వాతంత్ర్యానికి నూరేళ్ళు, గ్యాస్‌కి 85 శాతం కోత. ఎర్రకోట ప్రసంగంలో రెండూ ఒకే వాక్యంలో వస్తాయి, రాసి పెట్టుకోండి. ఇవాళ అమ్మిన డీప్ ఫ్రీజర్ పదేళ్ళో పదిహేనేళ్ళో అదే గ్యాస్ అడుగుతూనే ఉంటుంది. ఆ సందులో గొంతుక్కూర్చున్న మనిషికి గ్యాస్ పట్టే మెషీన్ ఒకటి, ఖాళీ సిలిండర్ ఒకటి ఇచ్చి, నింపి తెచ్చినదానికి కిలోకింత అని చేతిలో పెడితే చాలు, అతనే ఊరంతా తిరిగి పట్టుకొస్తాడు. దానికి నిధులెక్కడివి అంటారు. చెత్త గ్యాస్ పుట్టించి కాల్చినందుకు ఫ్యాక్టరీ యజమానికి యూరోలు లెక్కపెట్టి ఇచ్చిన వాళ్ళకి, అదే పనికి మెకానిక్‌కి రూపాయలివ్వడానికి చిల్లర దొరకడం లేదట!