ఇసుక కుప్ప దగ్గర వినకూడని మాటలు

హైదరాబాద్ మైత్రీవనం వెనక గల్లీల్లో ఎప్పుడూ ఏదో ఒక హాస్టల్ కడుతూనే ఉంటారు. ముందు ఇసుక కుప్ప తప్పదు. రాత్రి దాని మీద కుక్కలు, పిల్లులు, పొద్దున్నే పిల్లలు. మొన్న వాచ్‌మన్ కూతురు, మూడేళ్లది, ఒళ్లో కుక్కపిల్లను పెట్టుకుని గూడు కట్టి, అదే చేత్తో బిస్కెట్ తింటోంది. చుట్టూ చేరిన పెద్దవాళ్లు తలో సలహా ఇచ్చారు. ఒక్కటీ పాటించకండి.

'పాలు తాగే కుక్కపిల్ల, దానికి పురుగులెక్కడివి?' అన్నారొకరు. అన్నిటికన్నా ప్రమాదమైన మాట ఇదే. టాక్సోకారా అనే ఏలికపాము కుక్కపిల్లకు తల్లి కడుపులోనే అంటుకుంటుంది, పాలతోనూ వస్తుంది. రెండో వారం నుంచే నట్టల మందు పట్టించాలి. ఎంత, ఎన్నిసార్లు అన్నది నారాయణగూడ పశువుల ఆసుపత్రిలో అడగండి.

'ఫినాయిల్ చల్లితే సరి.' కుక్క మలంతో బయటికొచ్చే ఆ పురుగు గుడ్లు ఫినాయిల్‌కి చావవు. అయితే విసర్జించిన రోజే అంటించవు, మట్టిలో రెండు మూడు వారాలు ఎదగాలి. అందుకే ఏ రోజు మలం ఆ రోజే ఎత్తి పారేయడం అసలైన మందు.

'కుక్కపిల్లను ఎక్కడైనా వదిలేసి రండి.' పంజాగుట్టలో వదిలితే అక్కడా ఇసుక ఉంది, అక్కడా పిల్లలున్నారు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించేది, 'మెల్లకన్ను అదృష్టం' అనే మాట. నోట్లోకి పోయిన గుడ్డు పేగులో పగిలి, లార్వా రక్తంలో తిరిగి, కొందరిలో కంటికి చేరుతుంది. దాదాపు ఎప్పుడూ ఒక కంటికే. రెండోది బాగుంటుంది కనుక బిడ్డ ఏమీ చెప్పదు. మెల్ల వస్తుంది, లేదా కనుపాపలో తెల్లగా మెరుస్తుంది. ఆ తెలుపు కంటి క్యాన్సర్‌లోనూ ఉంటుంది. 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ తీసేసిన 46 కళ్లను పరీక్షిస్తే 24 కళ్లలో పురుగు ఆనవాళ్లు దొరికాయి. చాలావాటిని క్యాన్సరనే తీశారు. ఇంట్లో పన్నీరు చుక్కలు వేస్తూ కూర్చోకండి. పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి దగ్గరే, మెహిదీపట్నంలో సర్కారు సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది.

పాప చేతులు సబ్బుతో కడిగించి, ఒక కన్ను అరచేత్తో మూసి బిస్కెట్ చూపించాను. అందుకుంది. రెండో కన్ను మూశాను. అప్పుడూ అందుకుంది. చెయ్యి తోసేసి ఏడ్చి ఉంటే అప్పుడే ఆటో ఎక్కించేవాణ్ని. సాయంత్రానికి మేస్త్రీ ఇసుక మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు.