అయిదు శాతం బుద్ధిమంతుడు

మొన్న ఏప్రిల్ 30, రాత్రి పదకొండున్నర. సిగ్నల్ కోసం మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన నిలబడి జీహెచ్ఎంసీ ఆస్తిపన్ను కడుతున్నాను. పది అంకెల పన్ను గుర్తింపు సంఖ్య, పీటీఐఎన్, పాత రసీదు మీద ఉంది. రసీదు మీద పసుపు మరక ఉంది. ఆఖరి అంకె మూడో ఎనిమిదో తేల్చుకునేసరికి పావుగంట పోయింది. ఇంత తపన ఎందుకంటే, ఏప్రిల్‌లోనే కడితే అయిదు శాతం ఎర్లీబర్డ్ రాయితీ. ఆరు వేలకు మూడొందలు!

"గీ యాళకు మేడ మీదేం పని సార్?" అన్నాడు ఎదురింటన్న, బాల్కనీలోంచి.

"పన్ను కడుతున్నా అన్నా."

"గప్పుడే?"

ఆ ఒక్క మాటలో ఎంత జాలో!

ఆన్‌లైన్‌లో సులువు చేస్తే జనం పన్ను వాళ్లంతట వాళ్లే కడతారని పండితులంటారు. మా అన్నకు సులువుకేం తక్కువ? కరెంటు బిల్లు ఫోన్లో రెండు నిమిషాల్లో కడతాడు. ఆస్తిపన్ను కూడా అదే ఫోన్లో కట్టొచ్చు. కాకపోతే కరెంటు బిల్లు ఆపితే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకుతాడు. ఆస్తిపన్ను ఆపితే ఓటీఎస్ వస్తుంది.

బాకీల మీద వడ్డీ మాఫీ చేసే ఈ వన్ టైమ్ సెటిల్‌మెంట్ అంటే ఒక్కసారే అనుకునేవాణ్ణి. 2020లో వచ్చింది, 2022లో వచ్చింది, 2024లో వచ్చింది, 2025 మార్చిలో మళ్లీ వచ్చింది. మా ఇంటికి చుట్టాలు కూడా ఇంత క్రమంగా రారు.

అన్న లెక్క చెప్పాడు. మూడేళ్ల కింద ఆపిన ఆరు వేలు. నెలకు రెండు శాతం వడ్డీ చొప్పున 4,320. అందులో తొంభై శాతం మాఫీ. కట్టాల్సింది 432. "ఆ ఆరు వేలు బ్యాంకుల ఏసిన. ఆరు శాతం మీద వెయ్యి ఎనభై వచ్చింది. తీసెయ్యి, ఎంత మిగిలె?"

ఆరు వందల నలభై ఎనిమిది. నా మూడొందలు జేబులో ముడుచుకున్నాయి.

"మార్చిల మాఫీ మెసేజ్ నీకు రాలే?" అన్నాడు.

"రాలేదన్నా."

"నీకెందుకొస్తది సార్? బాకీ లేనోనివైతివి."

ఫోన్ వణికింది. ఓటీపీ వచ్చింది. సమయం 11:52.